దొరసాని కాలి మీద నాలుగో చుక్క

సెరంగూన్, సింగపూర్
ఫిబ్రవరి 2005

కోటేశ్వరికి,

ఇక్కడ అందరం బాగున్నాం, మీ అన్న కళ్ళు తప్ప. చూపు మధ్యలోంచి పోతూ వస్తోందట, అంచులు కొన్నాళ్ళు మిగులుతాయట. టీ కప్పు కావాలంటే కప్పు పక్కకి చూస్తున్నారు. నువ్వు ఫోను చేస్తే నీకు వినపడదు, నేను అరిస్తే పై అంతస్తువాళ్ళు వచ్చి తలుపు కొడతారు. అందుకే ఈ ఉత్తరం.

మా వెనక గదిలో అద్దెకుండే శశికాంత్ గురించి రాశాను గుర్తుందా? కాకినాడ అబ్బాయి, వన్-నార్త్ ఆఫీసుల్లో కంప్యూటరు ఉద్యోగం. వీళ్ళందరిలాగే బ్యాంకుల పని చేస్తాడనుకున్నాను. నిన్న అన్నం తింటూ, “మాది సినిమాలు కడిగే కంపెనీ ఆంటీ. పాత హాలీవుడ్ ప్రింట్లు వస్తాయి, గీతలూ దుమ్మూ తీసేసి డీవీడీకి రెడీ చేస్తాం” అన్నాడు. ఇప్పుడు ఏ సినిమా కడుగుతున్నారని అడిగాను. కథ చెప్పాడు. ఓడరేవు, పీపాల మీద దొరసాని డాన్సు, కాళ్ళకి గజ్జెలు. నా చేతిలో గరిటె కింద పడింది.

నీకు తెలిసిందే అయినా మళ్ళీ రాస్తాను. నేను చెప్పబోయినప్పుడల్లా నువ్వు మధ్యలో ఆపేస్తావు, ఉత్తరంలో ఆపలేవుగా. యాభై ఏళ్ళ కిందట ఆ సినిమావాళ్ళు ఆ పాట తియ్యడానికి ఇక్కడికే వచ్చారు. దొరసానికి గజ్జెల అడుగు పడలేదు. మా డాన్సు టీచరు తారాదేవి నన్ను తీసుకెళ్ళింది. నా పాదాలకి తెల్లరంగు పూసి, పాదాలు మాత్రమే తీశారు. గాలివానకి రోడ్డు మూసేస్తే రాత్రి అక్కడే ఉండిపోయి, పొద్దున్న సినిమావాళ్ళ కారులో దిగాను. మీ అన్నకి నన్నివ్వడానికి అప్పటికే మాటయింది. తారాదేవి ఇండియా వెళ్ళిపోయింది, సాక్ష్యం లేకుండా పోయింది. “మొహం లేని సినిమా ఎవరు చూశారు!” అని మీ అమ్మ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో జోరీగలా తిరుగుతోంది.

మీ అన్న నన్ను చేసుకున్నారు. ఆ రాత్రి ఎక్కడున్నావని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. అడక్కపోవడమే ఆయన అడగడం, ఆ సంగతి కాపురం చేసేదానికే తెలుస్తుంది.

పాట చివర పీపా మీంచి దూకినప్పుడు నీళ్ళు తగిలి రంగు కారిపోయింది. చీలమండ మీద నా నాలుగు చుక్కల పచ్చబొట్టు బయటపడింది. కడిగిన సినిమాలో అది కనపడుతుంది కోటేశ్వరీ. మీ అన్న చూపు పోయేలోగా ఆయనకి చూపిస్తాను. నాకింకేమీ అక్కర్లేదు.

నీ వదిన,
కుమారమ్మ

—

తెలుక్ ఇంతాన్, మలేషియా
మార్చి 2005

వదినా,

నీ ఉత్తరం చదివాను. నా మనసులో పడింది దాచుకోను, నా సంగతి నీకు తెలుసు.

సినిమా వచ్చినప్పుడు మనం అందరం కలిసే వెళ్ళాం. అమ్మ, అన్నయ్య, నువ్వు, నేను. నువ్వు “అదిగో, అదిగో” అని నా చెయ్యి గిల్లావు. తెర నిండా వాన పడ్డట్టు గీతలు. కాలి మీద ఏదో మసక. అన్నయ్య “మరకేదో ఉంది” అన్నాడు, అమ్మ నవ్వింది. నేనూ కళ్ళు చించుకునే చూశాను, నాకూ మరకే కనపడింది. లేనిది ఉందని ఎలా చెప్పేది?

ఇప్పుడేమో ఆ సినిమా బాగుచేసే మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు, నువ్వు వండింది తింటున్నాడు, నిన్ను ఆంటీ అంటున్నాడు. కంప్యూటరులో గీతలు తీసేవాడికి నాలుగు చుక్కలు పెట్టడం ఎంతసేపు పని? నేను అనుమానపు మనిషినని నువ్వు అంటావు. సరే, అంటూనే ఉండు. రేపు డిస్కులో చుక్కలు కనపడితే నాకు మొదట గుర్తొచ్చేది నీ చేపల పులుసే.

కాబట్టి ఒక పని చెయ్యి. ఆ కాళ్ళు నీవని గానీ, పచ్చబొట్టని గానీ అతని చెవిన వెయ్యనని అన్నయ్య మీద ఒట్టు పెట్టు. అతను ఏమీ తెలియకుండా తన పని తాను చేసుకోవాలి. అప్పుడు కనపడితే అందరికంటే ముందు నేనే ఒప్పుకుంటాను.

పచ్చబొట్టు పొడిచిన రోజు నాకు బాగా గుర్తుంది. ఈరమ్మ ముందు నాకు పొడిచింది, తర్వాత నీకు. నీ కాలు పట్టుకుని కూర్చున్నది నేనే. నాలుగో చుక్కకి నువ్వు కాలు లాక్కున్నావు, అది తోకలా సాగిపోయింది. ఆ తోక కనపడాలి. ఉత్త చుక్కలు చాలవు.

కోటేశ్వరి

—

సెరంగూన్
ఏప్రిల్ 2005

కోటేశ్వరికి,

నీ నోటికి దండం పెట్టాలి. చేపల పులుసు పెట్టి సాక్ష్యం కొనేదాన్నా నేను?

అయినా ఒట్టు పెట్టాను. దేవుడి గూటి ముందు నిలబడి, మీ అన్న మీదే పెట్టాను. శశికాంత్‌కి ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పను. మా మనవరాలు యోగిత మాత్రం ఊరుకోదు. “అవ్వా, టెల్ హిమ్ లా! యువర్ లెగ్ వాట్!” అంటుంది, చెప్పెయ్, అది నీ కాలేగా అని. దాని నోరు కూడా నేనే నొక్కాను.

నోరు నొక్కుకోవడం ఎంత కష్టమో నీకేం తెలుసు? మొన్న అతను మజ్జిగ పోసుకుంటూ, “ఈ వారమంతా కాళ్ళ షాట్లే ఆంటీ. హీరోయిన్ కాళ్ళ మీద ఎంత డర్ట్ ఉందో! మెషీన్ పట్టుకోవట్లేదు, చేత్తో చేయాల్సొస్తోంది” అన్నాడు. నేను చటుక్కున ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అది మింగేసరికి నా కళ్ళలో నీళ్ళు వచ్చాయి. “కారంగా ఉందా ఆంటీ?” అని అడిగాడు పాపం.

మీ అన్న అక్కడే ఉన్నారు. సినిమా సంగతి ఎత్తగానే కంచం తోసేసి లేచి కారిడార్‌లోకి వెళ్ళి కూర్చున్నారు. నేను వెళ్ళి “ఆ సినిమా మళ్ళీ వస్తోంది, చూద్దామా?” అన్నాను. “నాకేం కనపడుతుంది?” అన్నారు. కళ్ళ సంగతి చెప్పారో, ఇంకేమైనా చెప్పారో నాకు తెలియలేదు. ఆయన మాటలు ఎప్పుడూ అంతే, ఏ పక్క పట్టుకోవాలో అర్థం కాదు.

ఆగస్టులో వస్తుందట డిస్కు. డాక్టరు మాత్రం ఆగస్టు దాకా మాట ఇవ్వడం లేదు.

కుమారమ్మ

—

తెలుక్ ఇంతాన్
మే 2005

వదినా,

ఒట్టు పెట్టావు కాబట్టి నేనూ ఒక మాట చెప్తాను. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను.

అమ్మ పోయినప్పుడు అన్నయ్య ఇక్కడికి వచ్చాడు కదా. కర్మలు అయ్యాక వెనక వాకిట్లో ఇద్దరమే కూర్చున్నాం. ఉన్నట్టుండి, “నువ్వు దాని స్నేహితురాలివి. ఆ రాత్రి సంగతి నీకేమైనా తెలుసా?” అన్నాడు. నాకు తెలియదన్నాను. తెలియదు కాబట్టే అలా అన్నాను వదినా. అన్నయ్య తలూపి లేచిపోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నిన్నడగలేదని రాశావుగా. నన్నడిగాడు. అంతవరకే నాకు తెలిసింది.

కోటేశ్వరి

—

సెరంగూన్
ఆగస్టు 2005

కోటేశ్వరికి,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను వంట చెయ్యలేదు. కింద హాకర్ సెంటర్ కొట్లలోంచి అన్నం తెప్పించి మీ అన్న ముందు పెట్టాను. ఏమైందని కూడా అడగలేదు మహానుభావుడు. పక్కనే పడుకునేదాన్ని వదిలేసి, రెండు బస్సులు మారి వచ్చి చెల్లెల్నడిగారన్నమాట! అప్పటినుంచి ఆయన మౌనం చూస్తే నాకు జాలి పోయి మంట పుడుతోంది. నీకు జవాబు రాయలేదని మూతి ముడుచుకోకు. రాస్తే మంచి మాటలు వచ్చేవి కావు.

సరే, అది పక్కన పెట్టు. డిస్కు వచ్చింది! శశికాంత్‌ని అడిగితే ఎందుకని అడుగుతాడని, నేనే వెళ్ళి సీడీల షాపులో కొన్నాను. పెట్టె మీద దొరసాని పీపా మీద నిలబడి ఉంది, పాదాలు ఇంతింత. ఇంటికొచ్చి విప్పి చూస్తే లోపల ఒకటి కాదు, రెండు డిస్కులు. ఇక్కడ దేనికైనా ఒకటి కొంటే ఒకటి ఉచితమే కదా. రెండోది నీకని అప్పుడే అనుకున్నాను. దూది చుట్టి ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. నేను చూపిస్తే అనుమానిస్తావు. నీ ఇంట్లో, నీ టీవీలో, నీ కళ్ళతో చూసుకో.

నేనింకా చూడలేదు. రేపు ఆదివారం మీ అన్నని దగ్గర కూర్చోబెట్టి చూపిస్తాను. ఆయన ఇప్పుడు తల ఓరగా తిప్పితే మనుషుల్ని పోల్చుకుంటున్నారు. టీవీ దగ్గరికి కుర్చీ జరిపి ఉంచాను.

నాకు పెళ్ళినాడు కూడా ఇంత గుండెదడ లేదు.

కుమారమ్మ

—

సెరంగూన్
ఆగస్టు 2005

కోటేశ్వరీ,

డిస్కు అందితే చూడకు. తిరిగి పంపించు.

చుక్కలు లేవు. పాట చివర దొరసాని దూకింది, గజ్జె పైకి జరిగింది, చీలమండ తెల్లగా మెరిసిపోయింది. మరక కూడా లేదు. యోగిత నాలుగైదుసార్లు వెనక్కి తిప్పింది. మీ అన్న తల ఓరగా పెట్టుకుని చూసి చూసి, “ఇక ఆపండి” అన్నారు. ఆ ఒక్క మాటే అన్నారు. ఇన్నేళ్ళూ మరకైనా ఉండేది నాకు, ఇప్పుడదీ పోయింది.

శశికాంత్ రాగానే పట్టుకున్నాను. ఒట్టూ లేదు, గిట్టూ లేదు. ఆ షాట్ ఎవరు చేశారని అడిగితే, సంతోషంగా “నేనే ఆంటీ. మేకప్ కింద ఏవో స్పాట్స్ కనపడ్డాయి. ఒక్కో ఫ్రేమూ చేత్తో తీసేశాను. మా బాస్ కూడా మెచ్చుకున్నారు” అన్నాడు. నేను చీర కుచ్చెళ్ళు జరిపి కాలు చూపించాను. “మా అమ్మమ్మకి చేతుల నిండా ఉంటాయాంటీ. కానీ దొరసాని కాలి మీద పచ్చబొట్టని ఎలా అనుకుంటాను? డర్ట్ అనుకున్నాను. మీరు ఒక్క మాట చెప్పుంటే...” అని తల పట్టుకున్నాడు. కడగని బొమ్మలన్నీ అమెరికా తిరిగి వెళ్ళిపోయాయట, ఆఫీసులో ఏమీ మిగల్లేదట.

అతను గదిలోకి వెళ్ళాక నాకొక ఆలోచన వచ్చింది. చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించింది నువ్వు. తోక కనపడాలని రాసింది నువ్వు. అతను ఏమీ తెలియకుండానే సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టాడా? మా చిరునామా నీ దగ్గరుంది, అతని పేరూ నీకు తెలుసు. నువ్వేమైనా అతనికి రాశావా కోటేశ్వరీ? నిజం చెప్పు. మీ అమ్మ మాట నిలబెట్టడానికి నువ్వు ఎంత దూరమైనా వెళ్తావని నాకు తెలుసు.

రాయలేదంటే నమ్మడానికి ప్రయత్నిస్తాను. నమ్మకపోతే ఎలా ఉంటుందో మాత్రం ఇకనుంచి నీకూ తెలుస్తుంది.

కుమారమ్మ

—

తెలుక్ ఇంతాన్
సెప్టెంబరు 2005

వదినా,

నేనెవరికీ రాయలేదు. నీ ఉత్తరం చదివి నిప్పులు చెరిగాను. పక్కింటి మలాయ్ ఆవిడ పరుగెత్తుకొచ్చింది, ఎవరైనా పోయారేమోనని.

చూడొద్దని నువ్వు రాశాక నేను చూడకుండా ఉంటానా? ఎందుకు వద్దంటోందో తేల్చుకుందామని అప్పుడే పెట్టాను. తీరా చూస్తే అది సినిమానే కాదు. ఎవరో ముసలి దొరలు కుర్చీల్లో కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. పాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. ఇదన్నమాట సంగతి అనుకున్నాను. సినిమా తన దగ్గర ఉంచుకుని, నాకు చెత్త డిస్కు అంటగట్టి, ఇప్పుడదీ వెనక్కి అడుగుతోంది! నువ్వు దాచేదేదో ఇందులోనే ఉందని పట్టుబట్టి కూర్చున్నాను. రిమోటులో ఉన్న బొత్తాలన్నీ నొక్కాను.

ఒకచోట తెర రెండు సగాలైంది. ఒక పక్క కడగకముందు బొమ్మ, ఒక పక్క కడిగాక బొమ్మ, మధ్యలో ఒక గీత జరుగుతూ పోతోంది. ముందు ఓడ వచ్చింది, తర్వాత ఆకాశం. తర్వాత పాదం వచ్చింది వదినా, తెరంత పాదం. కడగని పక్క రంగు కారిపోయిన చీలమండ. దాని మీద, మురికి ఎంత బాగా తీశామో చూడండన్నట్టు, ఎర్ర సున్నా చుట్టి మరీ చూపించారు. ఆ సున్నాలో నాలుగు చుక్కలున్నాయి. నాలుగోదానికి తోక ఉంది. గీత దాని మీదుగా జరిగింది, చుక్కలు పోయాయి.

మళ్ళీ వెనక్కి తిప్పి ఆపాను. కుర్చీ లాక్కుని నా కాలు ఎత్తి టీవీ పక్కన పెట్టాను. నా చుక్కలు నాలుగూ గుండ్రంగా ఉన్నాయి. తెర మీదవి మాత్రం నువ్వు కాలు లాక్కున్న చుక్కలే. ఈరమ్మ నన్ను తిట్టింది కూడా, గట్టిగా పట్టుకోలేదని.

వెంటనే రాయలేదు. కొన్నాళ్ళు ఆ డిస్కుని బియ్యం డబ్బా వెనక పెట్టాను. నువ్వు తిరిగి పంపమన్నావు, పోస్టులో విరిగిపోయిందంటే అడిగేవాళ్ళు లేరు. అమ్మ కళ్ళు మూసేదాకా నీ మీద అన్న మాట తప్పని నా చేత్తో రాయాలంటే నా చెయ్యి రాలేదు. కానీ మా అమ్మే ఉంటే, చూసి కూడా ఒప్పుకునేది కాదని అనిపించింది. నాకు భయమేసింది, నేనూ అలాగే అవుతున్నానని. అందుకే రాస్తున్నాను.

డిస్కుని ఇక్కణ్ణుంచి బస్సులో వచ్చే మనిషి చేతికిచ్చి పంపిస్తున్నాను. ఈ కింది ముక్క అన్నయ్యకి చదివి వినిపించు.

అన్నయ్యా, ఆ కాళ్ళు వదినవే. నేను నా కళ్ళతో చూశాను. నాలుగో చుక్కకి తోక ఉంది. అప్పుడు నువ్వడిగితే తెలియదన్నాను, ఇప్పుడు తెలిసింది.

కోటేశ్వరి

—

సెరంగూన్
అక్టోబరు 2005

కోటేశ్వరికి,

డిస్కు చేరింది. అది ఉచితం డిస్కు కాదట, సినిమా ఎలా కడిగారో చూపించే డిస్కట. నీ మీద వేసిన నింద వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను క్షమించు. సగం క్షమించినా చాలు, మిగతా సగానికి నువ్వు నన్ను అనుమానించిన ఉత్తరాలు ఉన్నాయి నా దగ్గర.

యోగిత డిస్కు పెట్టి, ఎర్ర సున్నా దగ్గర ఆపింది. నేను చూశాను. నా పద్దెనిమిదేళ్ళ కాలు, నా చుక్కలు. శశికాంత్ గోడకి ఆనుకుని నిలబడి ఏడ్చేశాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు, ఎందుకంటే నేను టీవీ వైపు కాదు, మీ అన్న వైపు చూస్తున్నాను. ఆయన తల అటు తిప్పారు, ఇటు తిప్పారు, ముక్కు అద్దానికి ఆనేదాకా వంగారు. “ఎర్రగా ఏదో ఉంది. లోపల ఏమీ కనపడటం లేదు” అన్నారు. ఈ నెలలో అంచులు కూడా పోయాయి కోటేశ్వరీ. ఆలస్యమైపోయింది.

అప్పుడు నీ ఉత్తరం తీశాను. ఆయనకి రాసిన ముక్క చదివాను. కదలకుండా విన్నారు. మళ్ళీ చదవమన్నారు. చదివాను.

“కోటేశ్వరి తన కళ్ళతో చూసిందా?” అన్నారు.

“చూసిందట” అన్నాను.

“అయితే నిజమే” అన్నారు.

తర్వాత నా కాలు తన ఒళ్ళో పెట్టమన్నారు. బొటనవేలితో చీలమండంతా తడిమారు. పచ్చబొట్టు తడిమితే తగిలేది కాదు కదా. ఆయన వేలు పట్టుకుని నేనే చోటు చూపించాను. “ఇక్కడేనా?” అన్నారు, ఇక్కడే అన్నాను. ఆ వేలు అక్కడి నుంచి తియ్యలేదు. “నేను అడగాల్సింది” అన్నారు చివరికి. ఆ మాటకి మాత్రం నాకు ఏడుపు వచ్చింది.

ఇప్పుడు కూర్చుని రాస్తుంటే కోపం వస్తోంది. యాభై ఏళ్ళు నా నోటితో నేను చెప్తే వినపడని మాట, నువ్వు రాశావనేసరికి నిజమైపోయింది. పైగా ఆయన ఆ కాగితం చూడలేదు, చూడలేరు. నువ్వు ఏం రాశావో, అసలు రాశావో లేదో ఆయనకేం తెలుసు? విన్నది నా గొంతే. నేను కల్పించి చదువుతున్నానేమోనని ఒక్క క్షణం కూడా అనుమానించలేదు మీ అన్న.

ఇంత తేలికని తెలిస్తే, పెళ్ళయిన ఏడాదే నీ పేరుతో ఒక ఉత్తరం నేనే రాసుకునేదాన్ని.

నీ వదిన,
కుమారమ్మ